సైరన్ పడిన పాట

మా కాలనీకి రేడియో వస్తోందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ. కూరగాయల సంచి గడపలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, ఇంకా లోపలికి రాకముందే మొదలుపెట్టింది.

"వదినె, ఇన్నవా? మనకు రేడియో వస్తున్నదట."

"మనింట్ల ఉన్నది కదా రేడియో."

"గది ఇనేటిది. గిది మనమే మాట్లాడేటిది, మనమే పాడేటిది. లైబ్రరీ పక్క రూముల పెడుతున్నరు. పాటొచ్చినోళ్లు ఎవ్వలైనా పోవచ్చునట. జీతం గీతం ఏం లేదు. నీ పేరు ఇచ్చొచ్చిన."

"నన్నడగకుంటనే?"

"అడిగితే ప్రార్థన చేసుకొని చెప్త అంటవ్. గప్పటికి లిస్టు నిండుతది."

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్. నా భర్తకు బాయి లోపల పని. బొగ్గు గనిని మేము బాయి అనే అంటాం. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు జబ్బుచేసి ఎడమ కాలు సన్నబడింది. బడికి పోవాలంటే బొగ్గు వ్యాగన్ల పట్టాలు దాటాలి. రైలు ఆగి ఉంటే తక్కిన పిల్లలు వ్యాగన్ల కిందినుంచి దూరి అవతలికి పోయేవాళ్లు. నాకది చేతకాదు. మా నాన్న కూడా బాయి మనిషే. మొదటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చోకముందే నాకు ఒక పేజీ చదువు చెప్పేవాడు. ఆకలితో ఉండి చెప్పిన చదువు అది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. పాట మాత్రం అమ్మ నేర్పింది. మా చర్చి మందిరంలో ఆడవాళ్ల వరుసలో పాట ఎత్తుకునేది అమ్మ, ఆమె తరువాత నేను. శ్రుతి తప్పితే అమ్మ నా మోకాలి మీద గిల్లేది. పెళ్లయ్యాక కూడా గిల్లింది.

అందువల్ల, రేడియో అనగానే, పైకి ఆడబిడ్డను కసిరినా, లోపల నాకు గట్టి నమ్మకం కలిగింది. ఈ నాలుగు కాలనీల్లో పాడడానికి నేను కాక ఇంకెవరున్నారు?

చిన్న రేడియోలకు అనుమతులు ఇవ్వడం మొదలైన కొన్నేళ్లకు మా వాళ్లూ ఒక సంఘంగా ఏర్పడి అది తెచ్చుకున్నారు. అది చుట్టుపక్కల కాలనీల వరకే వినబడుతుంది. బసంత్‌నగర్ దాకా వస్తుందని కొందరు, రాదని కొందరు హోటల్లో చాయ్ పందెం కాసుకునేవాళ్లు. దాన్ని నడిపేవాళ్లకు ఇంకెక్కడో డ్యూటీ ఉండేది, లేదా పెన్షన్ ఉండేది. అందరికీ పెద్ద దిక్కు బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన ఒకాయన. కాలనీ అంతా ఆయనను కాక, అంటే బాబాయి, అనేవాళ్లం. గది గోడలకు గొంతు తగిలి మారుమోగుతోందని ఆయన ఇంటింటికీ తిరిగి పాత బొంతలు అడిగాడు. చీరలు కలిపి కుట్టిన బొంతలు ముప్ఫై దాకా వచ్చాయి. వాటిని గోడలకు మేకులు కొట్టి వేలాడదీశారు. ఆ గదిలోకి పోతే ఎవరి చీర ఎక్కడుందో చూసుకోవడమే ఆడవాళ్లకు పని.

కాక రెండు కట్టుబాట్లు పెట్టాడు. నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయిపోయి కిటికీలు ఊగడం ఆగేదాకా రికార్డింగ్ చేయకూడదు. ఇక రెండోది, బాయి సైరన్ ఏ పాటలోనూ పడకూడదు.

"బ్లాస్టింగ్ పడితే పడనియ్, నవ్వుకుంటరు," అన్నాడు. "సైరన్ పడితే మటుకు కోసెయ్యాలె. కోసుడు కుదరకుంటే పాట మొత్తం బంద్."

బయటి ఊరివాళ్లకు ఇది చెప్పాలి. మా దగ్గర సైరన్ కూస్తే షిఫ్టు మారినట్టు. పొద్దున ఏడుకు, పగలు మూడుకు, రాత్రి పదకొండుకు. ఆ కూతకు మేము పొయ్యి మీది అన్నం దించుతాం, పిల్లలను లేపుతాం. అయితే వేళ కాని వేళ సైరన్ కూసిందంటే బాయిలో ఏదో జరిగినట్టే. అప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, గేటు వైపు ఉరుకుతారు.

నా పాట మొదటి వారంలోనే రికార్డు చేశారు. ఉతికిన చీర కట్టుకుని, గొంతు కోసం మిరియాల కషాయం తాగి పోయాను. ఒక్కచోట శ్రుతి తప్పలేదు. కాక హెడ్‌ఫోన్లు తీసి, బట్టతల నిమురుకున్నాడు.

"మంచిగుంది బిడ్డా. జర ఎవలో పుస్తకం పట్టుకొని తప్పులు ఏరుకుంట ఎదురుంగ కూసున్నట్టు పాడినవ్. గంతే."

ఆ పాట వచ్చిన రోజు మా లైన్లో సగం ఇళ్లలో టీవీ సీరియల్ నడుస్తోంది. రేడియోకు నా పాట గురించి మూడు ఫోన్లు వచ్చాయి. ఒకటి మా ఆడబిడ్డది. ఒకటి పాస్టరమ్మగారిది. మూడోది గ్యాస్ బండ ఎప్పుడొస్తుందని ఎవరో పొరపాటున చేసింది.

దాని తరువాత ఆమె వచ్చింది.

ఆమె బాయి మీద క్యాంటీన్‌లో వంట చేసేది. సొంతూరు రామగిరి దిక్కు. పొలం బొగ్గు కింద పోతే, దానికి బదులు భర్తకు బాయిలో ఉద్యోగం ఇచ్చారు. గోడకు బొంత ఇద్దామని వచ్చింది పాపం. చేతిలో బొంత, చెంపకు పిండి. కాక ఊరికే, "నీకు పాటొస్తదానె?" అన్నాడు. "నాటేసేటప్పుడు పాడుతుంటి, ఇప్పుడు పప్పు కలుపుకుంట పాడుత," అని, బొంత కింద పెట్టకుండానే పాడింది. పప్పు పలుచనైందని రోజూ తిట్టే సూపర్‌వైజర్ మీద అప్పటికప్పుడు కట్టిన పాట. మధ్యలో దగ్గింది. దగ్గి, తానే నవ్వి, మళ్లీ ఎత్తుకుంది. శ్వాస ఎక్కడ తీసుకోవాలో తెలియదు. మాట మధ్యలో విరిచి గాలి పీల్చేది. మా అమ్మ ఉంటే మోకాలు కమిలిపోయేలా గిల్లేది.

అది వచ్చిన సాయంత్రం ఫోను పెట్టడానికి వీల్లేకపోయింది. బసంత్‌నగర్ నుంచి సిమెంటు లారీ డ్రైవరొకాయన చేశాడు. దాంతో హోటల్ పందెం కూడా తేలిపోయింది. ఆ సూపర్‌వైజరే స్వయంగా ఫోను చేసి, ఇంకోసారి వెయ్యమన్నాడట. మా ఇంట్లోనూ అదే గొడవ. మా అత్త నాతో, "గా దగ్గుడు గూడ ఎంత మంచిగ దగ్గింది," అన్నది.

దగ్గినందుకు మెచ్చుకోవడం నేను అప్పుడే విన్నాను.

సినిమాల్లో పాడేవాళ్ల మీద నాకు ఏనాడూ అసూయ కలగలేదు. పెద్ద రేడియోల్లో ఎంత గొప్ప గొంతు వచ్చినా అన్నం వార్చుకుంటూ విన్నాను, దేవునికి స్తోత్రం అనుకున్నాను, మరిచిపోయాను. వాళ్లు ఎక్కడివాళ్లో. ఈమెది మాకు రెండు లైన్ల అవతలి క్వార్టర్. నేను నీళ్లు పట్టుకునే నల్లా దగ్గరే ఆమె పట్టుకునేది. నాలాగే రేషన్ బియ్యంలో రాళ్లు ఏరేది. అటువంటి మనిషికి ఇటువంటి పాట ఎట్లా వచ్చింది, నాకెందుకు రాలేదు అన్న మాట రాయిలా కడుపులో కూర్చుంది. నిన్న మేలు చేసినవాళ్లను ఒక్కొక్కరినే తలచుకుని, పొద్దున కాలు నేల మీద పెట్టకముందే దేవునికి వందనం చెప్పడం నాకు అలవాటు. పాలామెను, నల్లా విప్పే అతన్ని, ఆఖరుకు కరెంటు బిల్లు చించి ఇచ్చే అతన్ని కూడా తలచుకునేదాన్ని. ఆమె దగ్గరికి రాగానే నా నాలుక పక్కకు పోయేది. ఆమెను దాటుకుని పాలామె దగ్గరికి పోయేదాన్ని.

రికార్డు చేసిన ప్రతి పాటనూ చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు మొదటినుంచి చివరిదాకా వినాలన్నది అక్కడి పద్ధతి. అది అయ్యాకనే గాలిలోకి పంపాలి. విన్నవాళ్లు నోటుబుక్కులో "విన్నాను" అని రాసి సంతకం పెట్టాలి. ఆ పనికి ఎవరూ దొరికేవాళ్లు కాదు. కాక నన్ను అడిగాడు.

"పాడేటోళ్లు మస్తుమంది వస్తున్నరు బిడ్డా. ఇనేటోళ్లే లేరు. నీ చెవు మంచిది, నీకు చదువున్నది. రోజు రెండు గంటలు కూసో."

పాడడానికి పిలవలేదు, వినడానికి పిలిచాడు. అదీ నాకు గుచ్చుకుంది. అయినా ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆమె పాటలు దగ్గరగా వినవచ్చుననే ఒప్పుకున్నాను. అసూయ ఉన్నచోట చెవి అదే పనిగా అటు తిరుగుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆమె తప్పులు వెదికేదాన్ని. ఒక్కో పాట మూడుసార్లు విన్నాను. తప్పులు దొరికేవి. అవి దొరికిన చోటే పాట బాగుండేది. ఏం చేయను?

వానలు వెనకబడ్డ ఒక నెలలో, ఆమె వారపు సెలవు రోజున, కాక మిషన్ పట్టుకుని ఆమె క్వార్టర్‌కే పోయి రికార్డు చేశాడు. ఆ క్వార్టర్ బాయికి బాగా దగ్గర. రెండున్నరకు మొదలుపెట్టి మూడులోపు ముగించాలని ఆయన లెక్క. ఆమె పాడుతూ పాడుతూ ఒళ్లు మరిచింది. మూడు అయింది, సైరన్ లేచింది, పాట ఇంకా ఉంది. ఆపమనడానికి మనసు రాలేదని ఆయన తరువాత చెప్పాడు. బిడ్డ వింటుంది కదా, చూసుకుంటుంది అనుకున్నాడట. ఆ బిడ్డ నేనే.

ఆ పాట పోయిన పొలం మీద. వరి కోసిన మడిలో ఇప్పుడు బొగ్గు కోస్తున్నారని మొదలవుతుంది. చివరికి ఆ మడినే పిలిచి మాట్లాడుతుంది: మడీ, ఒకప్పుడు నీ మీద నడిచినోడే ఇప్పుడు నీ కింద నడుస్తున్నడు, జర పైలం. పైలం అంటే జాగ్రత్త. ఆ మాట దగ్గర ఆమె గొంతు బాగా తగ్గించింది. సరిగ్గా ఆ తగ్గించిన గొంతు కిందినుంచి సైరన్ మెల్లగా లేచింది. పాట ఆగినా కాక మిషన్ ఆపలేదు. సైరన్ ఒక్కటే అట్లా కూస్తూ మిగిలింది.

వెనక్కి తిప్పి మొదటినుంచి ఇంకో రెండుసార్లు విన్నాను. ఆ తరువాత వచ్చిన ఆలోచన ఏమిటో దాచకుండా రాస్తాను. సైరన్ పడిందని చెబితే కాక మళ్లీ ఆమె ఇంటికి పోతాడు. మళ్లీ పాడమని బతిమాలుతాడు. ఆమె ఇంకా బాగా పాడుతుంది. చెప్పకపోతే, ఇంత మంచి పాటలో ఈ కూత ఏందని వినేవాళ్లు నవ్వుతారు. ఒక్కసారి, ఒక్క పాటకు, ఆమెను చూసి నవ్వితే చాలు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచించకపోవడం నా తప్పులో పెద్ద సగం.

"విన్నాను" అని రాసి సంతకం పెట్టాను. మా నాన్న నేర్పిన గుండ్రటి అక్షరాలు.

మర్నాడు సాయంత్రం ఆరు గంటలకు ఆ పాట వచ్చింది. నా భర్త రెండో షిఫ్టులో బాయి లోపల ఉన్నాడు. నేను చపాతీల పిండి కలుపుతున్నాను. మా అత్త రేడియో దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఆమె పాట ఉందంటే మా లైను లైనంతా రేడియోలు పెట్టుకునేవాళ్లు, సెల్‌ఫోన్లలో పెట్టుకునేవాళ్లు. మూలమీది హోటల్ అతను పెద్ద స్పీకర్ డబ్బాకు కలిపి పెట్టేవాడు. టీవీలు కట్టేసి ఉన్నాయి. నా పాటకు కట్టేయని టీవీలు.

చివరి చరణం వచ్చింది. జర పైలం అన్నది. ఆపైన సైరన్ లేచింది.

హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు అది ఒక చప్పుడు. ఇప్పుడు ముప్ఫై ఇళ్లలోంచి, హోటల్ డబ్బాలోంచి, ఒక్కసారిగా, ఒకే కూత. ఎటు చెవి పెడితే అటునుంచి వస్తోంది. అందరూ ఆమెనే వింటున్నారు కాబట్టి అందరి ఇళ్లలోనూ కూసింది. పాట అయిపోయిందని ఎవరికీ తోచలేదు.

మా అత్త లేచి నిలబడింది. వయసులో ఉన్నప్పుడు ఆమె వేళ కాని సైరన్ ఒకసారి విన్న మనిషి. ఆ రోజు మా మామ ప్రాణంతో బయటికి వచ్చాడు, ఆయన పక్కన పనిచేసే మనిషి రాలేదు. "అయ్యో, నా కొడుకు," అన్నది. చెప్పులు లేకుండా మెట్లు దిగింది.

నాకు తెలుసు. ఆ లైన్ మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. "అత్తా, అది రేడియో" అనడానికి ఎంత సేపు పడుతుంది? నోరు తెరిచాను. రేడియో అని నీకెట్లా ఎరుక అని అడుగుతారని భయపడి మూసుకున్నాను. పిండి చేతులతో గుమ్మంలో నిలబడ్డాను. లైను లైనంతా ఆడవాళ్లు ఉరుకుతున్నారు. కొంగులు జారుతున్నాయి, చంకల్లో పిల్లలు ఏడుస్తున్నారు. ఎదురింటామె నన్ను చూసి, "ఏం నిలబడ్డవక్కా, నీ పెనిమిటి లోపలనే ఉన్నడు కదా!" అని కేకేసి పోయింది.

అప్పుడు కుంటుకుంటూ నేనూ పోయాను. వాళ్లతో పాటు భయపడుతున్నట్టు పోయాను.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఏమీ అర్థంకాక చేతులు అడ్డంపెట్టి, "ఏమైందమ్మా, ఏమైంది?" అని మమ్మల్నే అడుగుతున్నాడు. లోపల ఏమీ కాలేదని నమ్మించడానికి వాళ్లకు చాలాసేపు పట్టింది. మా అత్త కాలువ దగ్గర జారి పడింది. కంపెనీ దవాఖానలో కుడి చేతి మణికట్టుకు కట్టు కట్టారు. పొయ్యి మీద పాలు, స్నానం మధ్యలో పిల్లలు, ఎక్కడివక్కడ వదిలి వచ్చిన వాళ్లు ఇళ్లకు పోయి చూసుకుని, భయం తీరాక కోపం తెచ్చుకున్నారు.

రెండో రోజు లైబ్రరీ ముందర అందరినీ పిలిచారు. కాలనీ పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు కుర్చీల్లో ఉన్నారు. "గిదేం ఆటనా? ఎవలకన్న గుండాగితే ఎవలు జిమ్మేదారి?" అని ఒకాయన లేచాడు. "పాటల కోసం ప్రాణాల మీదికి తెచ్చుకుంటమా? మూసెయ్యిన్రి." చాలామంది అవునన్నారు. రేడియో పోతే ఆమె పాట పోతుంది. నేను కోరుకున్నది అదే కదా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. కోరుకోలేదు. ఆమె పాట లేని సాయంత్రం నాకు ఊహకు అందలేదు.

కాక నోటుబుక్కు చంకలో పెట్టుకుని లేచాడు. అందులో నా సంతకం ఉంది. ఆయన బుక్కు తెరవలేదు.

"తప్పు నాది. మిషిన్ బంద్ చెయ్యలే. నన్ను తియ్యిన్రి, రేడియోను తియ్యకున్రి."

ఆయన మాట పూర్తి కాకుండానే ఆమె లేచింది. క్యాంటీన్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద పప్పు మరకలు.

"కాకదేం లేదు. మూడు అయితున్నదని నాకెరికే. సైరన్ టైముల పాడినదాన్ని నేను. ఇగ పాడ. రేడియో ఉండనియ్యిన్రి."

ఇగ పాడ. ఎంత తేలికగా అన్నదో. ఎన్ని రోజులుగా నేను వినాలనుకున్న మాట అది. నాకు చెవుల్లో వేడి నూనె పోసినట్టయింది. దేవుడు నన్ను లేపాడో, సిగ్గు లేపిందో, లేచాను.

"గా పాట ఇని సంతకం పెట్టింది నేను," అన్నాను. "సైరన్ పడిందని నాకెరికే."

"ఎరికైతే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు కుర్చీలో పెద్దమనిషి.

"ఆమె పాట చెడిపోవాలనుకున్న. ఆమె పాడితే అందరు ఇంటున్నరు. నేను పాడితే ఇంటలేరు."

చేతికి కట్టుతో ముందువరుసలో కూర్చున్న మా అత్త మెల్లగా నా వైపు తిరిగింది.

"ఓ పిల్లా, రెండు దినాల సంది సైరన్‌ను తిట్టుకుంట పంటున్న. ముందుగాల్నే చెప్తే నిన్నే తిట్టకపోదునా?"

ఒకామె ఫక్కున నవ్వింది. ఇంకొకామె నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం తలెత్తలేదు. క్యాంటీన్ ఆమె నా దగ్గరికి వచ్చి, మొహంలో మొహం పెట్టి చూసింది.

"నిజంగనే కుళ్లుకున్నవా అక్కా? నా మీద?"

"అవును."

"పుస్తకాలు చదివేదానివి, మందిరంల పాడేదానివి, నా మీదనా?" ఆమె మొహం విప్పారింది. అందరి వైపు తిరిగి, "ఇన్నరా? మెచ్చుకున్నోళ్లు శానమంది ఉన్నరు. కుళ్లుకున్నది గీమె ఒక్కతే," అన్నది, ఏదో బహుమతి వచ్చినట్టు.

రేడియో ఉండాలా వద్దా అన్న మాట దాంతో మెత్తబడింది. బాయి దగ్గర రికార్డింగ్ చేయకూడదని, సైరన్ పాటను తుడిచేయాలని, వినే పనిలోంచి నన్ను తీసేయాలని పెద్దమనుషులు చెప్పారు. మొదటి రెంటికీ అందరూ ఒప్పుకున్నారు. మూడోదానికి ఆమె అడ్డం వచ్చింది.

"గామెను తియ్యకున్రి. గామె లెక్క ఎవ్వలు ఇనరు. నేను ఏడ దగ్గిన్నో, ఏడ మాట మింగిన్నో, గామెకే ఎరిక."

అట్లా నేను ఆ కుర్చీలోనే ఉండిపోయాను. ఆ పాటను మాత్రం తుడిచేశారు. నా చేతులతోనే తుడిపించారు. తుడవకముందు, చివర కోసి, మళ్లీ పాడించి అతికిద్దామని కాక ఆమెను అడిగాడు. "గది మల్ల రాదు కాక, గప్పుడొచ్చింది, పోయింది," అన్నది. తరువాత ఆమె బోలెడు పాటలు పాడింది, వాటిలో కొన్ని అంతకంటే బాగున్నాయన్నవాళ్లూ ఉన్నారు. కాదని నేను అంటాను. దాన్ని మూడుసార్లు విన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ పాట ఇంకెవరికీ దొరకకుండా పోవడానికి కారణం కూడా నేనే.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఈమధ్యే కొత్త రాష్ట్రం వచ్చింది, వీధుల్లో రంగులు ఇంకా ఆరలేదు. మా రేడియోలో మాత్రం మనుషులు పలుచబడ్డారు. సెల్‌ఫోను కార్డులో వెయ్యి పాటలు వేయించుకోవచ్చు, ఆరు గంటలదాకా ఎవరు ఆగుతారు? కాక చేతులు వణుకుతున్నాయి, వైరు కలపడానికి ఇద్దరు పట్టుకోవాలి. ఉన్నది మొత్తం నలుగురం.

పాడేవాళ్లకు నేను చెప్పుకునేది ఒకటే. మీ ఊరి గదిలోకి పోయి పాడండి. పెద్ద రేడియోవాళ్లు క్యాంటీన్ దాకా రారు, పిండి చెంపతో ఉన్న మనిషిని పాటొస్తదానె అని అడగరు. అక్కడ మీకు జీతం ఉండదు, మూడు ఫోన్లే రావచ్చు, అందులో ఒకటి గ్యాస్ బండ కోసం కావచ్చు. అయినా మీ పక్కింటామె మీకంటే బాగా పాడుతుందని మీకు తెలిసేది అక్కడే. అది తెలియడం బాధ. నేను పడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. ఆ బాధ లేకపోయి ఉంటే నేను ఇప్పటికీ ఎవరో పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చున్నట్టే పాడుతూ ఉండేదాన్ని. ఈమధ్య నా పాటలో ఒకచోట శ్వాస తప్పితే కాక మెచ్చుకున్నాడు.

వినేవాళ్లకు చెప్పేది ఇంకా చిన్నది. విన్నామని ఒక ఫోను చేయండి. వారానికి రెండు గంటలు వచ్చి కుర్చీలో కూర్చోండి. మంచి మనసే ఉండాలని లేదు, మంచి చెవి ఉంటే చాలు. మనసు సంగతి దేవుడు చూసుకుంటాడు, నాది చూసుకుంటున్నాడు.

ఆమె ఇప్పుడు ఇక్కడ లేదు. భర్త రిటైరై, రామగిరి అవతల బంధువుల ఊరికి పోయారు. మా రేడియో అక్కడిదాకా వినబడదు. పోయేముందు నల్లా దగ్గర బిందె దించి, "అక్కా, ఇగ ఎవలను జూసి కుళ్లుకుంటవ్?" అన్నది. అక్కడ ఆమె పాడుతోందో లేదో, పాడితే ఎవరైనా వింటున్నారో లేదో తెలియదు. ఎవరైనా వింటున్నారేమో అనుకుంటే, ఇది రాస్తున్న ఈ పూట కూడా వాళ్ల మీద అసూయగానే ఉంది.

ఈ పేజీలో నేను పేర్లు రాయలేదు. ఆమె పేరు కూడా రాయలేదు, పోయేముందే అడిగితే వద్దన్నది. పేరు లేకుండానే గుర్తుపెట్టుకోండి. తన భర్తను జాగ్రత్తగా చూసుకోమని పోయిన పొలాన్ని పాటలో అడిగిన క్యాంటీన్ మనిషి ఒకామె మా గోదావరిఖనిలో ఉండేది. ఆమెను మరిచిపోకండి.